కొట్టిన రోజే రాసి పెట్టండి: వైజాగ్‌లో మనవాళ్ల మీద దాడి జరిగితే ఏం చేయాలి

ట్రాన్స్, గే, లెస్బియన్ వాళ్ల మీద జరిగిన దాడులు రాసుకోవడానికి మా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అందులో మొదటి పది పన్నెండు పేజీలు దేనికీ పనికిరావు, ఎందుకంటే అవి నేను రాసినవి. "బీచ్ దగ్గర కుర్రాడిని కొట్టారు, చాలా ఘోరం" అని ఒకచోట ఉంటుంది. ఏ బీచ్, ఏ రోజు, కొట్టినవాళ్లు ఎంతమంది, ఫోన్ లాక్కున్నారా, డబ్బులు వేయించుకున్నారా, ఒక్క ముక్క లేదు. కొన్ని నెలల తర్వాత ఇంకో అబ్బాయి దాదాపు అలాగే దెబ్బలు తిని వచ్చాడు. "ఇలాంటిది ముందు ఎవరికైనా జరిగిందా?" అని లాయరు గారు అడిగారు. జరిగిందని నాకు తెలుసు. చూపించడానికి మాత్రం నా దగ్గర "చాలా ఘోరం" అన్న రెండు మాటలే ఉన్నాయి.

అందుకే ఇది రాస్తున్నాను. మీరు ట్రాన్స్, గే, లెస్బియన్, హిజ్రా, కోతి (ఆడతీరు ఉన్న మగవాళ్లు తమని తాము పిలుచుకునే పేరు), ఏ పేరుతో పిలుచుకున్నా సరే, లేదా అలాంటి వాళ్లకి అర్ధరాత్రి ఫోన్ చేయదగ్గ అన్నో అక్కో అయినా సరే, ఇది మీకోసమే. నేను లాయర్ని కాను. స్టేషన్ల చుట్టూ, ఆస్పత్రుల చుట్టూ తిరిగి నేర్చుకున్నదే చెబుతున్నాను.

మొదటి గంట

ముందు అక్కడి నుంచి బయటపడాలి. వెలుతురు, జనం ఉన్న చోటికి రండి: ఆర్టీసీ కాంప్లెక్స్, జగదాంబ జంక్షన్, ఏదైనా పెట్రోల్ బంక్. ప్రమాదం ఇంకా ఉందనిపిస్తే 112కి చేయండి, రైల్లో అయితే 139కి. ఫోన్ లాగేసుకుంటే ఆటో అతన్నో టీ కొట్టు అతన్నో అడిగి ఒక్క కాల్ చేసుకోండి. ఒక్క నంబరైనా కంఠతా వచ్చి ఉండాలి. మనలో చాలామందికి అమ్మ నంబరు తప్ప ఇంకేదీ గుర్తుండదు, ఇలాంటి రాత్రి అమ్మకి చేయలేం కదా.

తర్వాత ఆస్పత్రి. దెబ్బ చిన్నదైనా వెళ్లాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. క్యాజువాలిటీలో డాక్టరు "ఎలా తగిలింది?" అని అడగ్గానే సిగ్గుతోనో భయంతోనో "బండి స్కిడ్ అయింది" అనేస్తారు. ఆ మాట చీటీలోకి ఎక్కిందంటే తర్వాత కోర్టులో అవతలి లాయరు పట్టుకునేది దాన్నే. "కొట్టారు" అని చెప్పండి. ఎందుకు కొట్టారో, మీరెవరో డాక్టరుకి చెప్పాల్సిన పనిలేదు, "తెలియనివాళ్లు నలుగురు కొట్టారు" అంటే చాలు. మెడికో లీగల్ కేసుగా, అంటే అక్కడ అందరూ అనే ఎం.ఎల్.సి.గా నమోదు చేయమని అడగండి, ఆ నంబరు రాసుకోండి. తర్వాత పోలీసులు తెప్పించుకునే గాయాల సర్టిఫికెట్ దాని మీదే వస్తుంది. కేజీహెచ్‌లో, అంటే ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కింగ్ జార్జ్ హాస్పిటల్‌లో, ఇది వాళ్లకి రోజూ ఉండే పని. ప్రైవేటు ఆస్పత్రి "పోలీసు కేసు, మేం చూడం" అంటే అది కుదరదు. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ఒకటేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

లైంగిక దాడి అయితే ఇంకో రెండు విషయాలు. స్నానం చేయాలనిపిస్తుంది, ఆ బాధ తెలుసు, అయినా పరీక్ష అయ్యేదాకా ఆగండి. ఆ బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవరులో వద్దు, తేమకి పాడవుతాయి. రెండోది, హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందులు, పెప్ అంటారు, 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. కేజీహెచ్‌లో అడగండి, లేదా ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. కేసు పెట్టాలా వద్దా అని తర్వాత వారం రోజులైనా ఆలోచించుకోవచ్చు, ఈ మందు మాత్రం ఆగదు.

ఆ రాత్రే రాయండి, తెల్లారితే సగం పోతుంది

చేయి వణుకుతుంటే వాయిస్ రికార్డ్ చేయండి. పక్కనున్న స్నేహితుడు రాసినా సరే, కానీ జరిగినవాళ్ల మాటల్లోనే రాయాలి. నేను చేసిన పెద్ద తప్పు అదే: వాళ్లు చెప్పింది విని, నా బాధ రాశాను. ఒక పద్దు ఎలా ఉండాలో చూపిస్తాను, ఇది కల్పించి రాసిందే:

"శనివారం రాత్రి సుమారు 9:40. తెన్నేటి పార్కు దాటాక రోడ్డు పక్కన బండి ఆపాను. యాప్‌లో మాట్లాడిన అతను ముందు ఒక్కడే వచ్చాడు, నీలం టీషర్టు, ఎడమ చేతికి కడియం. ఐదు నిమిషాలకి రెండు బైకుల మీద ముగ్గురు వచ్చారు. ఒక బండి నంబరులో చివర 47 చూశాను, మిగతాది చూడలేదు. బండి తాళం లాక్కున్నారు. 'ఏరా తేడా నా కొడకా, మీ ఇంట్లో చెప్పమంటావా' అన్నాడు కడియం అతను. చెంప మీద రెండు దెబ్బలు, పొట్టలో ఒక తన్ను. వీడియో తీశారు. సుమారు 20 నిమిషాలు కదలనివ్వలేదు. ఫోన్‌పేలో 8,000 వేయించుకున్నారు."

చూశారా, ఇందులో "ఘోరం" అన్న మాటే లేదు. చూడనిది చూడలేదనే ఉంది, అది చాలా ముఖ్యం, ఎందుకంటే బండి నంబరు ఊహించి రాసి అది తప్పని తేలితే మిగతా నిజం మీద కూడా నమ్మకం పోతుంది. తిట్లని మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాయండి. "అసభ్యంగా దూషించారు" అని రాస్తే అది ఎవరినైనా ఎవరైనా తిట్టినట్టే ఉంటుంది. "తేడా", "కొజ్జా", "పాయింట్ ఫైవ్" అన్న మాటలు అక్షరం మార్చకుండా ఉంటేనే ఈ దాడి ఎందుకు జరిగిందో కాగితం చెబుతుంది. రాయడానికి ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కులం పేరుతో కూడా తిట్టి, మీరు ఎస్సీ లేదా ఎస్టీ అయితే ఆ మాటా రాయాలి, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించొచ్చు, అది చాలా గట్టి చట్టం.

ఫోన్‌లో ఉన్నదే సగం కేసు

కోపంతో మొదట చేసే పని అవతలివాణ్ణి బ్లాక్ చేయడం. ఆగండి. కొన్ని డేటింగ్ యాప్‌లలో బ్లాక్ కొట్టగానే చాట్ మొత్తం మాయమైపోతుంది. ముందు ప్రొఫైల్ పేజీ, అక్కడి నుంచి చాట్ మొదలు దాకా స్క్రీన్ రికార్డింగ్ చేయండి, పైన టైము కనిపించాలి. తర్వాత స్క్రీన్‌షాట్లు, కత్తిరించకుండా. ఆ ఫోన్‌ని అమ్మేయడం, రీసెట్ చేయడం లాంటివి చేయకండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు అసలు ఫోన్ కావాలి. గాయాల ఫోటోలు ఆ రోజు, మళ్లీ రెండోరోజు తీయండి, కమిలిన మచ్చలు మర్నాడే బాగా కనిపిస్తాయి.

డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. రేపు చూద్దాం అనుకోవద్దు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పాకేలోపు ఫోన్ వెళ్తేనే ఆపే అవకాశం. ట్రాన్సాక్షన్ కింద ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు, ఎవరి పేరు మీదకి వెళ్లిందో ఆ పేరు, మీ బ్యాంకు, టైము దగ్గర పెట్టుకుని చేయండి. "ఎందుకు పంపారు?" అంటారు. "బెదిరించి వేయించుకున్నారు" అనండి, అక్కడ అంతకంటే చెప్పక్కర్లేదు. వీడియో పెట్టుకుని మళ్లీ డబ్బు అడిగితే రెండోసారి ఇవ్వకండి. ఇచ్చినవాళ్లు ఎవరూ దాంతో బయటపడటం నేను చూడలేదు, రేటు పెరుగుతుంది అంతే.

సీసీటీవీ గురించి తొందరపడాలి. పాతది చెరిగి కొత్తది దాని మీదే ఎక్కుతుంది, కొన్నిచోట్ల రెండు వారాలకే. షాపు అతను మీకు ఫుటేజీ ఇవ్వకపోవచ్చు, కనీసం ఏ షాపు, కెమెరా ఎటు చూస్తోంది అని రాసుకుని, ఆ ఫుటేజీ తీసి ఉంచమని ఫిర్యాదులోనే ఒక వాక్యం పెట్టండి.

ఫిర్యాదు ఇవ్వాలా వద్దా, ఎవరు చెప్పాలి?

దెబ్బ తిన్నవాళ్లే చెప్పాలి. మీరు ఎంత రగిలిపోతున్నా సరే. ఇంట్లో తెలియని మనిషి పేరు ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కితే ఏమవుతుందో వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు. "నువ్విలా ఊరుకుంటేనే వాళ్లు రెచ్చిపోతున్నారు" అని నేనొకసారి ఒకమ్మాయితో అన్నాను, ఆ తర్వాత ఆమె నా ఫోన్ ఎత్తలేదు. ఒక్క మినహాయింపు: పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక దాడి అయితే అది పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. అబ్బాయైనా అమ్మాయైనా వర్తిస్తుంది, తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, అది చట్టం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయొచ్చు.

స్టేషన్ మెట్లెక్కేముందు

ఒక్కరే వెళ్లొద్దు. ఇద్దరు చాలు, పది మంది గుంపుగా వెళ్తే మాట అసలు విషయం నుంచి గుంపు మీదకి పోతుంది. ఒక ట్రాన్స్ అక్కని తీసుకుని ఒక స్టేషన్‌కి వెళ్లినప్పుడు ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి, ఎందుకంటే అంతకుముందు ఆమె స్టేషన్ చూసింది రాత్రి పట్టుకెళ్లినప్పుడే. ఇంకోచోట ఒక కుర్రాడిని "మగాడివి, నలుగురు కొడితే కేసు పెట్టడానికి వచ్చావేటి బావూ" అని నవ్వారు. ఇవి మనసుకి తగిలితే సహజం, వెనక్కి మాత్రం రాకండి, నవ్వినవాళ్ల పేరు బ్యాడ్జి మీద ఉంటుంది, టైముతో సహా అదీ మీ పుస్తకంలో రాసుకోండి.

చట్టం గురించి ఈ కాస్త తెలిస్తే మాట గట్టిగా వస్తుంది. "377 కింద నీ మీదే కేసు కడతాం" అని, అంటే స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ సెక్షన్‌తో బెదిరిస్తే, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల మీద ఆ సెక్షన్ చెల్లదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పేసింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అసలు ఆ సెక్షనే లేదు. దీనికి చేదు వైపు కూడా ఉంది: మగవాడి మీద అత్యాచారం జరిగితే వేయడానికి ఇప్పుడు నేరుగా సెక్షన్ లేదు, గాయపరచడం, నిర్బంధించడం, దోపిడీ లాంటి వాటితోనే నెట్టుకు రావాలి.

ట్రాన్స్ వ్యక్తుల మీద దాడికి 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టంలో 18వ సెక్షన్ ఉంది. శారీరక, లైంగిక, మాటలతో హింస, ఇంట్లోంచి వెళ్లగొట్టడం అన్నీ అందులోకి వస్తాయి. కానీ చట్టం చేసినప్పుడు పెట్టిన శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు. మహిళ మీద అత్యాచారానికి కనీసం పదేళ్లున్న దేశంలో ఇది. అందుకని ఆ ఒక్క సెక్షన్‌తో సరిపెట్టుకోకండి, శిక్ష మూడేళ్లలోపు కాబట్టి కోర్టు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేమని చెప్పే వీలు వాళ్లకి దొరుకుతుంది. మామూలు దెబ్బల కేసుకీ, అంటే న్యాయ సంహిత 115(2)కీ, అదే గతి. మీ ఫిర్యాదులో "కొట్టారు" ఒక్కటే ఉంటే అక్కడితో ఆగిపోతుంది. కదలనివ్వకుండా ఆపేశారు, భయపెట్టి డబ్బు గుంజారు, ఫోన్ లాక్కున్నారు అన్నవి జరిగి ఉంటే విడివిడిగా రాయండి. బెదిరించి గుంజుకోవడం 308, దానికి ఏడేళ్ల దాకా శిక్ష, అది ఎఫ్ఐఆర్ కట్టాల్సిన నేరం. సెక్షన్ నంబర్లు మీరు వేయక్కర్లేదు, జరిగింది మాత్రం ఏదీ వదలొద్దు.

"ఇది మా లిమిట్స్ కాదు, త్రీటౌన్‌కి పొండి" అని అక్కడ, "కాదు, ఎంవీపీకి పొండి" అని ఇక్కడ తిప్పుతుంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషన్ అయినా రాసుకుని సంబంధిత స్టేషన్‌కి పంపాలి, పోలీసులు, కోర్టులు ఎలా నడవాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173లో ఉంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. అసలు తీసుకోకపోతే వాదించకండి, బయటికి వచ్చి అదే ఫిర్యాదు స్పీడ్ పోస్టులో పోలీస్ కమిషనర్‌కి పంపండి, ఆఫీసు సూర్యాబాగ్‌లో. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇచ్చినా రసీదు వస్తుంది. ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లే దారి అదే సంహితలోని 175(3). లాయరుకి డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థని అడగండి. ఏడాది లోపయితే జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి కూడా రాయొచ్చు. పోస్టు రసీదు పారేయకండి, నేను పారేశాను.

ఇంట్లోనే బంధిస్తే

ఇది అమ్మాయిలకి ఎక్కువ. ఫోన్ తీసేసుకుంటారు, పెళ్లి సంబంధం చూస్తారు, లేదంటే "నయం చేయించడానికి" ఎక్కడికో తీసుకెళ్తారు. అలా జరుగుతుందని ముందే అనుమానం ఉంటే ఈరోజే ఒక ఉత్తరం చేత్తో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి నమ్మకమైన స్నేహితురాలికి ఇవ్వండి: నేను మేజర్ని, నా ఇష్టంతో ఫలానా చోట ఉండదల్చుకున్నాను, నన్ను ఆపితే నా తరఫున కోర్టుకి వెళ్లండి. దానితో పాటు పదో తరగతి మెమో, ఆధార్ కాపీలు. ఇంట్లోంచి వచ్చేస్తే ఇంటివాళ్లు మొదట పెట్టేది మిస్సింగ్ కేసు, కాబట్టి వచ్చిన రోజే మీ ఇంటి పరిధి స్టేషన్‌కీ కమిషనర్ ఆఫీసుకీ "నన్ను ఎవరూ ఎత్తుకుపోలేదు" అని రాసి పంపండి. నగలు, ఇంటి డబ్బు ఏవీ పట్టుకురావద్దు, దొంగతనం కేసు పెట్టే అవకాశం ఇవ్వకండి.

బంధించేశాక స్నేహితులో భాగస్వామో హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెమ్మనే పిటిషన్, వేయొచ్చు. ఇలాంటి కేసుల్లో మనిషిని కౌన్సెలింగ్ పేరుతో మార్చాలని చూడొద్దని, ఇంటివాళ్లు లేకుండా విడిగా అడగాలని సుప్రీంకోర్టు 2024 మార్చిలో కోర్టులన్నిటికీ చెప్పింది. అదే ఏడాది డిసెంబర్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇద్దరమ్మాయిలు కలిసి ఉండొచ్చని, తల్లిదండ్రులు అడ్డుపడకూడదని ఆదేశించింది. "అలాంటివి బొంబాయిలో, మన దగ్గర కాదమ్మా" అనే పెద్దాయన ఎవరైనా ఉంటే ఈ ముక్క చెప్పండి. ఇక నయం చేస్తానన్న డాక్టరు ఉంటే, అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో తేల్చింది. చీటీ, బిల్లు దాచి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి పంపండి.

ఉద్యోగం, అద్దె ఇల్లు

ట్రాన్స్ వ్యక్తులకైతే 2019 చట్టం మూడో సెక్షన్ ఉంది: ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, వేటిలోనూ వివక్ష చూపకూడదు. అదే చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ అధికారి పేరు చెప్పమని హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టడమే మొదటి మెట్టు, చాలాచోట్ల ఆ మెయిల్ వెళ్లాకే అలాంటి ఒక అధికారి పుడతాడు. గే, లెస్బియన్ వాళ్లకి ప్రైవేటు ఉద్యోగంలో ఇలాంటి నేరైన చట్టం లేదు. ఎంవీపీ కాలనీలో ఇంటి ఓనరు "ఫ్యామిలీస్‌కే ఇస్తామండి" అంటే దాన్ని కోర్టులో నిలబెట్టడం కష్టం. అయినా పద్దు రాయండి, మాటల్లో జరిగినదాన్ని వాట్సాప్‌లోకి తేండి: "ఇందాక ఫోన్‌లో ఇల్లు ఇవ్వనన్నారు, కారణం చెప్తారా" అని.

పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి

ఇదొక చిన్న బాంబు. తప్పుడు చేతుల్లో పడితే ఊళ్లో ఇంతమంది రహస్యం ఒక్కచోట దొరికినట్టే. కాబట్టి పుస్తకంలో పేర్లు రాయకండి. ఆర్-7, ఆర్-8 అని కోడ్ వేయండి, ఆ కోడ్ ఎవరిదో చెప్పే కాగితం వేరే మనిషి దగ్గర ఉండాలి. కంప్యూటర్‌లో అయితే పాస్‌వర్డ్ పెట్టండి, వాట్సాప్ గ్రూపులో ఆ ఫైలు ఎప్పటికీ వేయకండి. కొట్టినవాళ్ల ఫోటో ఇన్‌స్టాలో పెట్టాలనిపిస్తుంది, పెడితే పరువునష్టం కేసు మీ మీదకి రావొచ్చు, పైగా ఆ ఫోటో చూసి దెబ్బ తిన్నది ఎవరో నలుగురూ ఊహించేస్తారు. "ఈ ప్రొఫైల్ పేరుతో పిలిస్తే కైలాసగిరి వెనక్కి వెళ్లొద్దు" అని మనవాళ్లకి చేరవేస్తే చాలు.

నెలకోసారి ఇద్దరు కూర్చుని చదవండి. తేదీ, చోటు, టైము, ఏ యాప్, డబ్బు ఎవరి పేరు మీదకి వెళ్లింది, స్టేషన్ ఏమంది, ఈ ఆరింటికి ఆరు గడులు గీసుకుంటే రెండు పద్దుల్లో ఒకే పేరు దొరికే రోజొకటి వస్తుంది. అలా దొరికినప్పుడు ఇద్దర్నీ విడివిడిగా అడగండి, ఇద్దరూ ఒప్పుకుంటేనే ఒకరి గురించి ఇంకొకరికి చెప్పండి. ఒకే గ్యాంగ్ మీద రెండు ఫిర్యాదులు పక్కపక్కన పెట్టి కమిషనర్ ఆఫీసుకి తీసుకెళ్తే, ఒక్కటి తీసుకెళ్లినప్పుడు కనిపించిన నవ్వు ఉండదు.

మూడు నెలలకి ఆర్-7కి ఒకసారి ఫోన్ చేయండి. కేసు గురించి కాదు, నిద్ర పడుతోందా అని. పట్టకపోతే 14416 టెలిమానస్, తెలుగులోనే మాట్లాడతారు. ఇక ఇదంతా వద్దు, నా పేరు తీసేయండి అంటే, ఎందుకని అడక్కుండా కోడ్ కాగితంలో ఆ వరుస కొట్టేయండి. పుస్తకంలో మాత్రం తేదీ, తెన్నేటి పార్కు, రాత్రి 9:40, చివర 47 ఉన్న బండి అలాగే ఉంచవచ్చా అని అడగండి. చాలామంది "ఉంచండి అన్నా" అనే అంటారు.